ఫ్రెంచ్ వైన్ బాటిల్ మీద ద్రాక్ష పేరు ఎందుకు కనపడదు?

[స్క్రీన్ మీద రెండు బాటిళ్లు పక్కపక్కన]

హాయ్ అండీ. డ్యూటీ ఫ్రీలో ఆస్ట్రేలియా బాటిల్ తీస్తే షిరాజ్ అని పెద్దక్షరాలతో ఉంటుంది, పక్కనున్న ఫ్రెంచ్ బాటిల్ చూడండి, జెవ్రే షాంబెర్తాన్ అని ఏదో ఊరి పేరు, కింద ఎవరిదో ఇంటిపేరు, అంతే. లోపలున్నది ఏ ద్రాక్షో రాయరు. అల్సాస్ వాళ్లు మాత్రం రీస్లింగ్ అనీ అదనీ శుభ్రంగా రాసేస్తారు, మిగతా చాలా చోట్ల మాత్రం ఊరు తెలిస్తే ద్రాక్ష తెలిసినట్టేగా అని వాళ్ల ధీమా. ఏ ఊళ్లో ఏ రకం వెయ్యాలి, దిగుబడి ఎంత దాటకూడదు, అన్నీ రూల్స్‌లోనే ఉంటాయి మరి, 1935లో దేశం మొత్తానికీ పెట్టిన అప్పెలాసియోన్, అంటే హద్దులూ రూల్సూ ఉన్న ప్రాంతం పేరు, ఆ సిస్టమ్ ఇది.

సరే, ఊరు మారితే నిజంగా అంత తేడా ఉంటుందా?

[కొండవాలు బొమ్మ]

బర్గండీ చూద్దాం. డిజాన్ నుంచి దక్షిణానికి సన్నటి కొండవాలు, పేరు కోట్ దోర్. రెడ్ అంటే పినో న్వార్, వైట్ అంటే షార్డొనే, దాదాపు ఈ రెండే. అక్కడ క్లో ద వూజో అని చుట్టూ గోడ కట్టిన తోట ఉంది, ఒకప్పుడు సిస్టర్షియన్ సన్యాసులది, సుమారు 50 హెక్టార్లు, మన లెక్కలో 125 ఎకరాలు. 19వ శతాబ్దం చివర్లో ముక్కలైంది, ఆ తర్వాత మన దగ్గర అన్నదమ్ముల పంపకాల్లో చేను చెక్కలైనట్టే అయ్యి ఇప్పుడు 80 మంది దాకా ఓనర్లు.

ఇందులో పైభాగాన మట్టి పల్చన, కింద సున్నపురాయి, వాన పడితే నీళ్లు దిగిపోతాయి. కింద మెయిన్ రోడ్డు వైపు బంకమన్ను, నీళ్లు నిలుస్తాయి. నీళ్లు ఎక్కువైతే తీగ ఆకు మీద పడుతుంది, కాయ ఉబ్బుతుంది, రసం చప్పబడుతుంది. హైదరాబాద్ చుట్టుపక్కల పందిళ్ల మీద కాసే అనాబ్-ఎ-షాహీ తిన్నవాళ్లకి తెలుసు, పెద్ద కాయ, నిండా రసం, తినడానికి బ్రహ్మాండం. రెడ్ వైన్‌కి కావాల్సింది దానికి పూర్తిగా రివర్స్, చిన్న కాయ, మందం తోలు, ఎందుకంటే రంగు, చాలావరకు వగరు తోలులోంచే దిగుతాయి.

తమాషా ఏంటంటే పై ముక్కదైనా కింద ముక్కదైనా లేబుల్ మీద హోదా ఒకటే, గ్రాన్ క్రూ, అంటే అన్నిటికన్నా పై ర్యాంకు. కాబట్టి ఇక్కడ ఆ చిన్న అక్షరాల ఇంటిపేరు, అంటే తయారుచేసినవాళ్ల పేరు, చూడకుండా కొంటే డబ్బులు దండగ.

బోర్డో కథ వేరు. నది ఎడమ ఒడ్డున గులకరాళ్ల నేల, త్వరగా వేడెక్కుతుంది, ఆలస్యంగా పండే కాబర్నే సావిన్యోన్‌కి సరిపోతుంది. కుడి ఒడ్డున పొమెరోల్ వైపు బంకమన్ను, చల్లటి నేల, అక్కడ ముందే పండే మెర్లో. ఒక రకం దెబ్బతిన్నా ఇంకోటి ఆదుకుంటుందని కలిపి చేస్తారు. 1855లో ధరలు చూసి ర్యాంకులిచ్చారు, 1973లో మూటోన్ రోత్‌షీల్డ్ అనే ఎస్టేట్‌ని ఫస్ట్ గ్రేడ్‌కి ఎక్కించడం తప్ప పెద్ద మార్పేం లేదు. బర్గండీలో ర్యాంకు భూమికి, ఈ 1855 లిస్టులో మాత్రం షాతోకి, అంటే ఎస్టేట్‌కి. ఆ ఎస్టేట్ అదే అప్పెలాసియోన్‌లో పక్కవాడి తోట కొనుక్కుంటే దానికీ అదే హోదా వచ్చేస్తుంది, ఇదెక్కడి న్యాయమో నాకైతే అర్థం కాదు.

[సెల్లార్‌లో తలకిందులుగా బాటిళ్లు]

షాంపేన్‌లో ఎక్కువగా వాడే మూడు ద్రాక్షల్లో రెండు నల్లవే, పినో న్వార్, మునియే. మెల్లిగా పిండేసి తోలుని వెంటనే పక్కన పెడితే రసం తెల్లగానే వస్తుంది. ముందు మామూలు వైన్ చేసి, బాటిల్లో పోసి, కాస్త చక్కెర, ఈస్ట్ వేసి సోడా మూతలాంటిది బిగిస్తారు. లోపల మళ్లీ పులుస్తుంది, గ్యాస్ బయటికి పోలేక వైన్‌లోనే కరుగుతుంది, ప్రెషర్ 6 అట్మాస్ఫియర్ల దాకా. కనీసం 12 నెలలు సుద్దరాయి సెల్లార్లలో ఉంచాక చచ్చిన ఈస్ట్‌ని తియ్యాలి కదా, అందుకని బాటిల్‌ని రోజూ కొంచెం తిప్పుతూ తలకిందులు చేస్తారు, మడ్డి మొత్తం మెడలోకి దిగుతుంది. ఇప్పుడు మెడ వరకే గడ్డకట్టించి మూత తీస్తే ఆ ఐస్ ముక్క మడ్డితో సహా ఠప్పున ఎగిరిపోతుంది. తగ్గినంత వైన్, సాధారణంగా కాస్త తీపి కలిపి పోసి కార్క్ కొడతారు.

ఇక దక్షిణ రోన్‌లో షాతోనఫ్ దు పాప్. ఇక్కడ తోట అంటే అరచేతికి పట్టనంత గుండ్రాళ్లు, మట్టే కనపడదు. ఎక్కువగా గ్రెనాష్ ద్రాక్ష. ఆ గుండ్రాళ్లు పగలు వేడి దాచుకుని రాత్రి తీగకిస్తాయి, అందుకే వైన్ అంత ఘాటు అని టూరిస్టులందరికీ చెప్తారు. కానీ అదే ఊళ్లో షాతో రయాస్ అని ఉంది, నేలంతా ఇసుక, ఆ గుండ్రాళ్లు లేవు, అక్కడి వైన్ కోసం జనం ఎగబడతారు. మట్టి కథలు సగం నిజం, సగం సేల్స్ అని నా డౌట్.

ఈ ఊరివాళ్లకి తోటలంటే ఎంత పట్టింపంటే, 1954లో మేయర్ ఏకంగా ఆర్డర్ పాస్ చేశాడు, ఎగిరే పళ్లేలు ఊరి మీద ఎగరకూడదు, దిగకూడదు, దిగితే స్వాధీనం చేసుకుంటాం అని. పబ్లిసిటీకే అనుకోండి, కానీ దాన్ని రద్దు చెయ్యనని 2016లో అప్పటి మేయర్ కూడా చెప్పాడు.