బంధువుల జాబితా అడగకండి
(చెన్నై టీ నగర్‌లో తెలుగు విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం)

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న పిల్లలకు నమస్కారం. పరిచయంలో నా గురించి అవసరానికి మించే చెప్పారు. ఇక నేరుగా విషయానికి వస్తాను.

ఖాతాదారుల డబ్బు ఎక్కడ పెట్టాలో చూసే వెల్త్ మేనేజ్‌మెంట్ సంస్థలో తొలి ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఎలా ఎదుర్కోవాలో చెప్పమన్నారు. చదవవలసినవి త్వరగా చెప్పేస్తాను. మ్యూచువల్ ఫండ్లు అమ్మాలంటే ఎన్‌ఐఎస్‌ఎం అనే శిక్షణ సంస్థ వారి సిరీస్ ఫైవ్-ఎ పరీక్ష పాసవ్వాలి. ఉద్యోగం వచ్చేదాకా ఆగకుండా ముందే రాయండి. పంపిణీదారుకూ సలహాదారుకూ తేడా అడుగుతారు. పంపిణీదారుకు ఫండ్ సంస్థ కమీషన్ ఇస్తుంది. మార్కెట్లను నియంత్రించే సెబీ దగ్గర 2013 నిబంధనల కింద నమోదైన సలహాదారు ఖాతాదారు దగ్గరే ఫీజు తీసుకుంటాడు. ఈ తేడా అర్థమైతే ఈ రంగంలో సగం సంగతులు అర్థమైనట్టే.

తరువాత తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది. "రిటైరైన ఉపాధ్యాయుడు 40 లక్షలతో వచ్చాడు, ఏం చేస్తారు?" చాలామంది వెంటనే ఫండ్ల పేర్లు మొదలుపెడతారు. అలా చేయకండి. ముందు మీరే అడగండి: ఆయనకు పింఛను ఉందా? అప్పులున్నాయా? పెళ్ళి కావలసిన పిల్లలున్నారా? భార్యకు ఆరోగ్య బీమా ఉందా? సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో 30 లక్షల దాకా పెట్టవచ్చని, ఒక బ్యాంకులో ఒకరి డిపాజిట్లకు బీమా 5 లక్షలకే పరిమితమని తెలిసి ఉండటం మంచిదే. కానీ ఆయన ఇంటి సంగతి తెలియకుండా ఆ అంకెలతో పనిలేదు.

ఇంకా చెప్పాలని కాగితం మీద రాసుకొచ్చాను. అది పక్కన పెడుతున్నాను. నన్ను చాలాకాలంగా బాధిస్తున్న సంగతి ఒకటి ఈ సభలోనే చెప్పాలి.

మా వీధిలో ఒక అమ్మాయి ఉంది. కావలి నుంచి వచ్చి ఇక్కడే బీకాం చదివింది, ఎన్‌ఐఎస్‌ఎం పాసైంది. మౌంట్ రోడ్డులో ఒక సంస్థ ఇంటర్వ్యూకి పిలిచింది. అడిగినవాటికి చక్కగా చెప్పింది. చివర్లో ఒక కాగితం ఇచ్చారు. అందులో గడులు: పేరు, బంధుత్వం, ఫోను నంబరు, సుమారు ఆస్తి. "మీ వాళ్ళలో డబ్బున్నవాళ్ళను రాయండి" అన్నారు. ఆ అమ్మాయి, "వాళ్ళను అడగకుండా నంబర్లు ఇవ్వలేనండీ" అని ఖాళీ కాగితం తిరిగి ఇచ్చింది. "మీకు ఈ రంగం మీద ఆసక్తి ఉన్నట్టు లేదు" అని పంపేశారు.

ఆసక్తి లేదా? ఖాతాదారు రహస్యాన్ని కాపాడగలదని ఆ అమ్మాయి వాళ్ళ ముందే చూపించింది. ఈ ఉద్యోగానికి అంతకుమించిన అర్హత ఏముంది?

ఆ జాబితా ఏమవుతుందో వినండి. కొత్త ఉద్యోగి మొదట బాబాయికి యూలిప్, అంటే బీమా, పెట్టుబడి కలిపిన పాలసీ, అమ్ముతాడు, తరువాత మేనమామకు. జాబితా అయిపోతుంది, టార్గెట్ అందదు, ఏడాది తిరగకుండా ఉద్యోగం పోతుంది. బాబాయి డబ్బు మాత్రం అయిదేళ్ళు కదలదు. పండక్కి ఊరికి వెళ్తే ఆ కుర్రవాడు బాబాయి ఎదుట తలెత్తుకోలేడు. సంస్థకు పోయిందేమీ లేదు, మరో కుర్రవాడు మరో జాబితాతో వస్తాడు.

మన ఊరి చరిత్ర ఒకటి గుర్తు చేయాలి. 1906 అక్టోబరులో మద్రాసులో ఆర్బత్‌నాట్ కంపెనీ అనే బ్యాంకు దివాలా తీసింది. దొరల సంస్థ అన్న నమ్మకంతో ఎందరో తమ కష్టార్జితం అందులో దాచుకున్నారు. దాన్ని నడిపిన సర్ జార్జ్ ఆర్బత్‌నాట్ జైలుకు వెళ్ళాడు. ఆ దెబ్బ తిన్న ఊళ్ళోనే న్యాయవాది వి. కృష్ణస్వామి అయ్యర్ మరికొందరితో కలిసి 1907లో ఇండియన్ బ్యాంకు స్థాపించారు. జనం మళ్ళీ నమ్మేలా చేయడం ఎంత కష్టమో ఆ తరానికి బాగా తెలుసు. అలాంటి నమ్మకాన్ని ఇవాళ ఇరవై ఒకటేళ్ళ పిల్లల చుట్టరికాల నుంచి తవ్వుకుంటున్నాం.

పిల్లలూ, ఆ కాగితం మీ ముందుకు వస్తే ఖాళీగానే తిరిగి ఇవ్వండి. ఇంట్లో డబ్బుకు ఇబ్బందిగా ఉందని, ఉద్యోగం అవసరమని నాకు తెలుసు. అయినా ఇదే చెబుతాను. మీరూ ఒక ప్రశ్న అడగండి: "నా జీతంలో ఎంత భాగం అమ్మకాల మీద ఆధారపడి ఉంటుంది?" సూటిగా జవాబు చెప్పని చోట చేరకండి.

మొదటి వరుసలో నియామకాలు చూసే అధికారులు కూర్చున్నారు. అయ్యా, అమ్మా, మీకు చేతులు జోడించి అడుగుతున్నాను. మీ దరఖాస్తు ఫారంలో ఆ గడులుంటే ఈ ఏడాది కాలేజీలకు వెళ్ళకముందే తీసేయించండి. ఆ స్థానంలో ఉపాధ్యాయుడి ప్రశ్న పెట్టి, జవాబు రాయడానికి ఒక పేజీ వదలండి. వచ్చిన జవాబులు దిద్దడానికి మనిషి కావాలంటే నేను వస్తాను, డబ్బులేమీ ఇవ్వనక్కరలేదు.