దూదికి నిప్పంటుకుంటే ఏ సిలిండర్ పట్టాలి?

అన్నలారా, అక్కలారా,

మన జిన్నింగ్ మిల్లులో గోడలకున్న మంటలార్పే సిలిండర్లన్నీ ఎరుపే. లోపలి సరుకు మాత్రం వేరు. కొన్నింట్లో నీళ్లు, కొన్నింట్లో ఏబీసీ పౌడర్ (మంట ఆర్పే పొడి), కరెంటు ప్యానెల్ గది దగ్గర కార్బన్ డయాక్సైడ్. సీజన్ మొదలయ్యేలోపే మీ చోట ఉన్నదేదో లేబుల్ చదివి గుర్తుపెట్టుకోండి.

పత్తిలో వచ్చిన రాయో ఇనుప ముక్కో రోలర్ల దగ్గర నిప్పురవ్వ లేపితే చాలు, దూది అంటుకుంటుంది. పైన కనిపించే మంట కొంచెమే. అసలు నిప్పు లోపలికి పాకి రాజుకుంటూ ఉంటుంది. పౌడర్ కొడితే పైమంట ఆరుతుంది గానీ, 170 కిలోల బేలు (అదిమి కట్టిన దూది మూట) లోపలికి పౌడర్ చొరబడదు. పోగుల మధ్య చిక్కిన గాలితోనే నిప్పు బతుకుతుంది. ఆరిందనుకుని గోదాములో పెట్టిన బేలు గంటల తర్వాత మళ్లీ అంటుకునేది ఇందుకే. కార్బన్ డయాక్సైడ్ కొడితే ఇంకా చేటు: ఆ విసురుకు మండే దూది ఎగిరి పక్క కుప్ప మీద పడుతుంది.

దూదికి నీళ్లే మందు. కరెంటు ఆపించి, 9 లీటర్ల నీళ్ల సిలిండర్‌తో మొదలుపెట్టండి. ఈలోగా ఒకరు హోస్ తేవాలి, ఇంకొకరు 101కి ఫోన్ చేయాలి. బేలును ఆరుబయటికి చేర్చి, హోస్ సిద్ధంగా ఉన్నాకే కట్లు కోయండి. గాలి తగలగానే లోపలి నిప్పు భగ్గుమంటుంది. బిగువు మీదున్న కట్టు తెగి ముఖానికి కొడుతుంది, పక్కకు నిలబడి కోయండి.

ప్యానెల్ బోర్డు అంటుకుంటే మెయిన్ ఆపి కార్బన్ డయాక్సైడ్ వాడండి. నీళ్లు వద్దు. గ్యాస్ వచ్చే కొమ్మును చేత్తో పట్టుకోవద్దు, ఆ చలికి చర్మం కాలినట్టే దెబ్బతింటుంది. చిన్న గదిలో కొట్టాక లోపల నిలబడితే ఊపిరాడదు, వెంటనే బయటికి రండి.

కంగారులో మీట నొక్కి పట్టి పిన్ను లాగుతారు. అప్పుడు పిన్ను బిగుసుకుంటుంది. మీట వదిలి లాగండి. 6 కిలోల పౌడర్ సిలిండర్ 20 సెకన్లు కూడా రావడం కష్టం. ఆరేడు అడుగుల దూరం నుంచి, మంట అడుగున, అటూ ఇటూ ఊపుతూ కొట్టండి. బయటికి దారి మీ వెనకే ఉండాలి. సిలిండర్ అయిపోయినా మంట నిలిచిందంటే వదిలేసి వచ్చేయండి.

నెలకోసారి గేజ్ (ప్రెషర్ చూపే మీటర్) ముల్లు పచ్చ గుర్తులో ఉందో, నాజిల్‌లో దూది దుమ్ము పేరుకుందో చూడండి. కార్బన్ డయాక్సైడ్ దానికి గేజ్ ఉండదు, తూకం వేయాలి. గ్యాస్ పదో వంతుకు మించి తగ్గితే నింపించాలి. పౌడర్ సిలిండర్‌ను ఒక్కసారి నొక్కినా మళ్లీ గోడకు తగిలించొద్దు. వాల్వులో పౌడర్ రేణువులు చిక్కి ప్రెషర్ కారిపోతుంది. నేరుగా రీఫిల్లింగుకు పంపండి, అది తిరిగొచ్చేదాకా ఆ కొక్కేనికి ఇంకొకటి తగిలించండి.