స్కోరింగ్ రూల్ మారితే ఫస్ట్ రౌండ్ పిక్కే మారుతుంది: ఫాంటసీ ఫుట్‌బాల్ ఫార్మాట్ల రివ్యూ

అందరికీ నమస్కారం. ఆగస్టు వచ్చిందంటే అమెరికా ఆఫీసుల్లో ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) ఫాంటసీ లీగుల ఇన్విటేషన్లు మొదలవుతాయి. అంటే నిజం ప్లేయర్లతో మనం ఊహా టీమ్ కట్టుకుంటాం, వాళ్ళ ఆటని బట్టి మనకి పాయింట్లు. డాలస్ నుంచి న్యూజెర్సీ దాకా వాటిలో మనవాళ్ళూ ఉంటారు. లీగ్‌లో చేరగానే చాలామంది ఏదో ఒక సైట్‌లో టాప్ 200 లిస్టు ప్రింట్ తీసుకుంటారు. ఆ లిస్టు ఏ స్కోరింగ్‌కి తయారుచేశారో మాత్రం చూడరు. అందుకే ఈ రివ్యూలో స్టాండర్డ్, హాఫ్ పీపీఆర్, ఫుల్ పీపీఆర్ (పాయింట్ పర్ రిసెప్షన్, అంటే క్యాచ్‌కి పాయింట్), ఆరు పాయింట్ల పాసింగ్ టచ్‌డౌన్, టైట్ ఎండ్ ప్రీమియం, ఒక్కోదాంట్లో ఎవరి విలువ ఎంత మారుతుందో లెక్క వేసి చూపిస్తాను.

క్రికెట్ ఫాంటసీ అలవాటైనవాళ్ళకి ఒక్క మాట. అక్కడ ఒకే బ్యాటర్‌ని అందరూ తీసుకోవచ్చు. ఇక్కడ పన్నెండు టీముల లీగ్‌లో, డ్రాఫ్ట్‌లో (వరుసగా ఒక్కొక్కరూ ప్లేయర్లని ఎంచుకునే రోజు) ఒకరు పిక్ చేస్తే ఆ ప్లేయర్ మిగతా పదకొండు టీములకీ దొరకడు.

ముందు పునాది. రన్ అయినా, క్యాచ్ అయినా 10 యార్డులకి 1 పాయింట్, టచ్‌డౌన్‌కి (బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించడం) 6. ఇది స్టాండర్డ్. పట్టిన ప్రతి క్యాచ్‌కీ అదనంగా ఒక పాయింట్ ఇస్తే ఫుల్ పీపీఆర్, అర పాయింట్ ఇస్తే హాఫ్.

చిన్న విషయంలా ఉంది కదా? ఒక్క ప్లే చూడండి. క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) పక్కనే ఉన్న రన్నింగ్ బ్యాక్‌కి (ఎక్కువగా బంతితో పరిగెత్తేవాడు) బంతి వేశాడు, 2 యార్డులు వచ్చాయి. స్టాండర్డ్‌లో 0.2, ఫుల్ పీపీఆర్‌లో 1.2. అంటే 12 యార్డులు పరిగెత్తినదానితో సమానం. ప్లే మొదలైన లైన్ వెనకాలే పట్టుకుని 3 యార్డులు నష్టపోయాడనుకోండి, స్టాండర్డ్‌లో మైనస్ 0.3, ఫుల్ పీపీఆర్‌లో ప్లస్ 0.7. అసలు టీమ్‌కి నష్టం వచ్చిన ప్లేకి మీకు పాయింట్లు వస్తాయి.

సీజన్ మొత్తానికి ఇదెంత అవుతుందో చూడాలంటే 2020 తీసుకుందాం. డెరిక్ హెన్రీ 2,027 యార్డులు పరిగెత్తాడు, 17 టచ్‌డౌన్లు. క్యాచ్‌లు 19 మాత్రమే, వాటిలో 114 యార్డులు. ఆల్విన్ కమారా రన్నింగ్ 932 యార్డులు, 16 టచ్‌డౌన్లు. క్యాచ్‌లు 83, వాటిలో 756 యార్డులు, ఇంకో 5 టచ్‌డౌన్లు. ఫంబుల్స్ (బంతి చేజార్చడం) పక్కన పెట్టి లెక్కేస్తే స్టాండర్డ్‌లో హెన్రీ 316.1, కమారా 294.8. ఫుల్ పీపీఆర్‌లో హెన్రీ 335.1, కమారా 377.8. ఒకదాంట్లో హెన్రీ 21 పాయింట్ల ముందు, ఇంకోదాంట్లో కమారా దాదాపు 43 పాయింట్ల ముందు. హాఫ్‌లో కూడా కమారాయే ముందు, కానీ తేడా 11 లోపే. పైగా కమారా ఆడింది 15 మ్యాచ్‌లు, హెన్రీ 16.

కొత్తగా లీగ్ పెట్టేవాళ్ళకి నేను చెప్పేది హాఫ్ పీపీఆర్. క్యాచ్ పట్టే బ్యాక్‌కి తగిన విలువ దక్కుతుంది, 2 యార్డుల క్యాచ్‌లు మాత్రం లీగ్‌ని ఏలవు.

రిసీవర్ల (ప్రధానంగా క్యాచ్‌లు పట్టేవాళ్ళ) దగ్గరా అంతే. ఊరికే ఒక లెక్క: ఒకతను 80 క్యాచ్‌లు, 800 యార్డులు, 4 టచ్‌డౌన్లు. ఇంకొకతను 50 క్యాచ్‌లు, 900 యార్డులు, 8 టచ్‌డౌన్లు. స్టాండర్డ్‌లో 104కి 138. ఫుల్ పీపీఆర్‌లో 184కి 188, అంటే దాదాపు సమానం. టచ్‌డౌన్లు ఏటా హెచ్చుతగ్గులవుతాయి, క్యాచ్‌లు అంతగా కావు. అందుకే ఫుల్ పీపీఆర్‌లో నేనైతే మొదటి ఆటగాడినే తీసుకుంటాను.

ఇక క్వార్టర్‌బ్యాక్‌లు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. మళ్ళీ 2020నే. ఆరన్ రాడ్జర్స్ పాసింగ్‌లో (బంతి విసరడంలో) 4,299 యార్డులు, 48 టచ్‌డౌన్లు, 5 ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థి పట్టేసిన పాస్‌లు), పరుగులో 149 యార్డులు, 3 టచ్‌డౌన్లు. కైలర్ మర్రే పాసింగ్‌లో 3,971 యార్డులు, 26 టచ్‌డౌన్లు, 12 ఇంటర్‌సెప్షన్లు, కానీ పరుగులో 819 యార్డులు, 11 టచ్‌డౌన్లు. పాసింగ్‌లో 25 యార్డులకి 1 పాయింట్, టచ్‌డౌన్‌కి 4, ఇంటర్‌సెప్షన్‌కి మైనస్ 2 అనుకుంటే ఇద్దరికీ దాదాపు 387. ఇంటర్‌సెప్షన్‌కి మైనస్ 1 చేస్తే మర్రే ఏడు పాయింట్ల ముందు. పాసింగ్ టచ్‌డౌన్‌కి 6 ఇస్తే రాడ్జర్స్ 44 పాయింట్ల ముందు!

అలాగని ఆరు పాయింట్ల లీగ్‌లో క్వార్టర్‌బ్యాక్‌ని రెండు రౌండ్లు ముందే పిక్ చేయకండి. రూల్ మారితే అందరు క్వార్టర్‌బ్యాక్‌లకీ పాయింట్లు పెరుగుతాయి. 40 టచ్‌డౌన్లు వేసేవాడికి 80 పెరిగితే, 25 వేసేవాడికి 50 పెరుగుతుంది. కొత్తగా వచ్చిన తేడా 30, పదిహేడు మ్యాచ్‌లకి పంచితే మ్యాచ్‌కి రెండు పాయింట్లు కూడా కాదు. మీ ప్లేయర్‌కీ, అదే పొజిషన్‌లో మీ లీగ్ టీములన్నీ లైనప్‌లో ఆడించేవాళ్ళలో చివరి ప్లేయర్‌కీ మధ్య తేడా ఎంత? డ్రాఫ్ట్‌లో విలువంటే అదే.

క్వార్టర్‌బ్యాక్ విలువని నిజంగా ఎగరేసేది సూపర్‌ఫ్లెక్స్, అంటే రెండో క్వార్టర్‌బ్యాక్‌ని కూడా ఆడించగల అదనపు స్థానం. అది లైనప్ రూల్, కానీ తప్పకుండా చూసుకోండి. పన్నెండు టీములు ఇద్దరేసి చొప్పున స్టార్ట్ చేస్తే 24 మంది కావాలి, ఉన్న ఎన్‌ఎఫ్‌ఎల్ టీములే 32. బై వీక్‌కి (టీమ్‌కి మ్యాచ్ లేని వారం) అందరూ మూడో మనిషిని పెట్టుకుందామంటే 36, అంతమంది స్టార్టర్లే లేరు.

టైట్ ఎండ్ ప్రీమియం, అంటే టైట్ ఎండ్ (అడ్డుకోవడం, క్యాచ్ పట్టడం రెండూ చేసేవాడు) క్యాచ్‌కి ఒకటి బదులు ఒకటిన్నర పాయింట్లు. 2020లో ట్రావిస్ కెల్సీ 105 క్యాచ్‌లు పట్టాడు, అదనంగా 52.5. టీజే హాకిన్‌సన్ 67, అదనంగా 33.5. కెల్సీ అప్పటికే చాలా పైన ఉన్నాడు, ఈ రూల్‌తో తేడా ఇంకో 19 పెరిగింది. టాప్ ఇద్దరు ముగ్గురిని కాస్త ముందుకు జరపండి, మిగతావాళ్ళని కదపక్కర్లేదు.

కిక్కర్, డిఫెన్స్ చివరి రెండు రౌండ్లలో తీసుకోండి, ఏ ఫార్మాట్ అయినా సరే.

ఇప్పుడు చేయాల్సిన పని. లీగ్ సెట్టింగ్స్‌లో స్కోరింగ్ పేజీ తెరిచి రిసెప్షన్, పాసింగ్ టచ్‌డౌన్, ఇంటర్‌సెప్షన్, 100 యార్డుల బోనస్, ఈ నాలుగు వరుసలూ రాసుకోండి. ప్రొజెక్షన్లు (సీజన్‌కి ప్లేయర్ల అంచనా అంకెలు) షీట్‌లోకి తెచ్చుకుని మీ రూల్స్‌తో పాయింట్లు వేయండి. పన్నెండు టీముల లీగ్ అయితే పన్నెండో క్వార్టర్‌బ్యాక్, పన్నెండో టైట్ ఎండ్ పాయింట్లని ఆయా పొజిషన్‌లో అందరి నుంచీ తీసేయండి. ఇద్దరేసి రన్నింగ్ బ్యాక్‌లు ఆడితే వాళ్ళలో ఇరవై నాలుగోవాడిది, రిసీవర్లకీ ఇదే పద్ధతి. మిగిలిన అంకెని బట్టి సార్ట్ చేస్తే మీ లిస్టు తయారు. డ్రాఫ్ట్ రూమ్‌లో కనిపించే ఏడీపీ (యావరేజ్ డ్రాఫ్ట్ పొజిషన్) వేరే లీగులవాళ్ళ పిక్‌ల సగటు. ఎవరు ఎప్పుడు పోతారో ఊహించడానికి అది చాలు, ఎవరిని తీసుకోవాలో చెప్పడానికి పనికిరాదు.

డ్రాఫ్ట్‌కి గంట ముందు సెట్టింగ్స్ ఇంకోసారి చూడండి. కమిషనర్ (లీగ్ నడిపే వ్యక్తి) ఏదైనా మార్చి ఉంటే షీట్‌లో ఆ అంకె మార్చి మళ్ళీ సార్ట్ చేయండి. మీ లీగ్ రూల్స్ కింద కామెంట్‌లో పెట్టండి, ఎవరి విలువ పెరుగుతుందో అక్కడే లెక్క వేసి చెప్తాను.