తుపాను రోజు కాలనీ గ్రూపులో కబురు ఎలా పెట్టాలి

అందరికీ నమస్కారం. నేను చెన్నైలో, మడిపాక్కంలో ఉంటాను. మాది నెల్లూరు. పెళ్లయి ఇక్కడికొచ్చి ఇరవై ఏళ్లు దాటింది. మా చుట్టుపక్కల నగర్లలో ఉన్న తెలుగువాళ్లందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. మామూలు రోజుల్లో గోంగూర ఎక్కడ దొరుకుతుంది, ఊరికి వెళ్లే బస్సులో సీటు ఉందా, ఇవే మాటలు. తుపాను వస్తోందంటే మాత్రం అందరి కళ్లూ ఆ గ్రూపు మీదే ఉంటాయి. కార్పొరేషన్ వాళ్ల ప్రకటనలు ఎక్కువగా తమిళంలో వస్తాయి. ఊరి నుంచి వచ్చి పిల్లల దగ్గర ఉంటున్న పెద్దవాళ్లకి తమిళం చదవడం రాదు. పీజీల్లో ఉండే పిల్లలు కొందరికి తమ వీధి పేరు కూడా సరిగా తెలియదు. వీళ్లందరికీ ఆ గ్రూపే రేడియో.

ఈరోజు వీడియోలో ఆ గ్రూపును తుపాను రోజు ఎలా నడపాలో ఫోన్ స్క్రీన్ మీదే చూపిస్తాను. అంతకంటే ముందు, ఈ వీడియో ఎందుకు చేస్తున్నానో చెప్పాలి.

2023 డిసెంబర్ 3, ఆదివారం. మిగ్‌జాం తుపాను. ఆ సాయంత్రం ఆరింటికి నేను కూరగాయలకని బయటికెళ్లి వస్తూ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాను. ఇదిగో, స్క్రీన్ మీద చూడండి. "సబ్‌వే దగ్గర రోడ్డు బాగానే ఉంది, వెళ్లొచ్చు." ఇంతే. సబ్‌వే అంటే ఇక్కడ కిందికి దిగి అవతలికి వెళ్లే రోడ్డు. పెట్టినప్పుడు అది నిజమే. రాత్రి నుంచి వాన కుండపోతగా పట్టుకుంది. ఎవరో ఆ మెసేజ్‌ని ఇంకో గ్రూపుకి ఫార్వర్డ్ చేశారు, అక్కడి నుంచి మరో గ్రూపుకి వెళ్లింది. తెల్లవారుజామున నాలుగున్నరకి పక్క నగర్‌లో ఉండే ఒక అన్న దాన్ని చూశారు. వాళ్లమ్మగారికి సోమవారం డయాలసిస్. కారు తీశారు. సబ్‌వే దిగుతుండగానే ఇంజిన్ ఆగిపోయింది. డోర్ సందులోంచి నీళ్లు లోపలికి వస్తున్నాయి. ఇద్దరు కుర్రాళ్లు పరిగెత్తుకొచ్చి ఆవిణ్ణి ఎత్తుకుని బయటికి తెచ్చారు. డయాలసిస్ ఒకరోజు ఆలస్యమైంది. దేవుడి దయ, ఆవిడ బాగానే ఉన్నారు. ఆ అన్న నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆ మెసేజ్ నాది. ఆవిడ తడిసిన చీరతో గుడి అరుగు మీద కూర్చుని ఉన్న ఫోటో చూశాక నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

ఇక్కడ జరిగిందేమిటో గమనించండి. నేను అబద్ధం చెప్పలేదు. ఫార్వర్డ్ చేసినవాళ్లూ మంచికే చేశారు. ఫార్వర్డ్ చేసిన మెసేజ్ కింద అసలు టైమ్ ఉండదు, ఫార్వర్డ్ చేసిన టైమ్ ఉంటుంది. సాయంత్రం ఆరింటి మాట తెల్లవారుజామున నాలుగింటి మాటలా కనబడింది. కాబట్టి టైమ్ మెసేజ్ లోపలే రాయాలి. కింద వాట్సాప్ వేస్తుందిలే అనుకోవద్దు.

సరే, ఇప్పుడు ఆ మెసేజ్‌నే మళ్లీ రాద్దాం. నేను టైప్ చేస్తాను, మీరూ మీ ఫోన్లో చేయండి.

"ఆదివారం 3వ తేదీ, సాయంత్రం 6.00. మడిపాక్కం నుంచి వెళ్లే వైపు సబ్‌వే. అడుగున చీలమండ లోతు నీళ్లు. చినుకులు. నేనే చూశాను. రాత్రికి మారొచ్చు."

రోజు, టైమ్, చోటు, లోతు, ఎవరు చూశారు. "వెళ్లొచ్చు" అన్న మాట తీసేశాను, చూశారా? వెళ్లాలా వద్దా అన్నది చదివేవాళ్ల చేతిలో పెట్టాలి. మనం చూసింది మాత్రమే మనం చెప్పాలి. "అంటున్నారట", "మా ఆఫీసులో చెప్పారు", ఇవి వద్దే వద్దు. ఎవరైనా ఫోన్లో చెప్తే, "ఫలానా వీధిలో ఉన్న మా చెల్లెలు ఇప్పుడే చూసి చెప్పింది" అని రాయండి, చాలు.

చోటు గురించి చెన్నైలో కొంచెం ఎక్కువ జాగ్రత్త కావాలి. మడిపాక్కంలో ఒక రామ్ నగర్ ఉంది, వేళచ్చేరిలో ఒక రామ్ నగర్ ఉంది. మూడో వీధి, నాలుగో వీధి ప్రతి నగర్‌లోనూ ఉంటాయి. "రామ్ నగర్ నాలుగో వీధి మునిగింది" అంటే రెండు చోట్లా జనం కంగారు పడతారు. ఏరియా పేరు, నగర్ పేరు, వీధి, దగ్గర్లో ఒక గుర్తు, అన్నీ రాయండి. ఇంటి నంబరు అయితే ఇంకో చిక్కు. ఇక్కడ చాలా ఇళ్లకి పాత నంబరు ఒకటి, కొత్త నంబరు ఒకటి. పడవ వేసుకుని వచ్చేవాళ్లు చీకట్లో రెండు గేట్ల మధ్య వెతుక్కుంటారు. రెండూ రాయండి. మీ తలుపు వెనక ఒక కాగితం మీద ఈరోజే రాసి అతికించుకోండి. ఇంటికి వచ్చిన చుట్టం కూడా చూసి చెప్పగలగాలి.

లోతు ఎలా చెప్పాలి? మోకాలి లోతు అంటాం. ఎవరి మోకాలు? మా అత్తగారి మోకాలు వేరు, మా అబ్బాయి మోకాలు వేరు. అందుకే మా అపార్ట్‌మెంట్ గేటు స్తంభానికి ఇలా చేశాం. కెమెరా దగ్గరికి తెస్తున్నాను, చూడండి. రోడ్డు మట్టం నుంచి ఒక్కో అడుగుకీ ఒక ఎర్ర గీత, మధ్యలో అరడుగుకి తెల్ల గీత. ఎనామెల్ పెయింట్. మా వాచ్‌మన్ అన్న పావుగంటలో వేసేశారు. ఇప్పుడు మా గ్రూపులో "గేటు దగ్గర ఎర్ర గీత ఒకటి దాటింది" అంటే చాలు, అందరికీ అర్థమవుతుంది. గీత లేని చోట బండిని కొలతగా పెట్టుకోండి. స్కూటర్ సైలెన్సర్ మునిగింది, కారు చక్రం సగం మునిగింది, ఇలా చెప్పండి. రాత్రయితే టార్చి వేసి ఆ స్తంభం ఒక్కటే ఫోటో తీయండి. వీడియోలు వద్దు. టవర్లకి కరెంటు పోయాక అవి బ్యాటరీ మీద కొన్ని గంటలే పనిచేస్తాయి. ఆ కాస్త సిగ్నల్‌లో వీడియో తిరుగుతూనే ఉంటుంది, రెండు లైన్ల మెసేజ్ వెళ్లిపోతుంది.

వాన కొలత కూడా ఇంట్లోనే తీసుకోవచ్చు. ఇదిగో, ఇది మా ఇంట్లో పప్పులు పోసుకునే స్టీలు డబ్బా. పైనా కిందా ఒకటే వెడల్పు. అదే ముఖ్యం. మూతి సన్నగా ఉన్న సీసా పనికిరాదు. దీన్ని మేడ మీద గోడకి దూరంగా, రెండు ఇటుకల మధ్య పెట్టండి. మూడు గంటలకోసారి లోపల స్కేలు పెట్టి చూసి, రాసుకుని, పారబోసి మళ్లీ పెట్టండి. పిల్లల స్కేలుకి ముందు కొంచెం ఖాళీ ఉంటుంది, అది కలపడం మరిచిపోవద్దు. గాలి బాగా ఉన్నప్పుడు నిజంగా పడినదానికంటే తక్కువ చూపిస్తుంది, అయినా ఏమీ లేనిదానికంటే నయం. గాలి మరీ పెరిగితే మేడ ఎక్కకండి, ఆ లెక్క వదిలేయండి.

సెంటీమీటర్లు అంటే మనకి అంతగా తోచదు. మన చెన్నై లెక్కలో చెప్తాను. ఒక గ్రౌండు, అంటే 2,400 చదరపు అడుగులు. దాని మీద 10 సెంటీమీటర్ల వాన పడితే 22 వేల లీటర్లు పైనే. దాదాపు రెండు పెద్ద వాటర్ లారీల నీళ్లు. మీ వీధిలో ఎన్ని గ్రౌండ్లు ఉన్నాయో లెక్కేసుకోండి. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 20.4 సెంటీమీటర్లు దాటితే అత్యంత భారీ వర్షం. వాళ్లు రోజు లెక్క ఉదయం 8.30కి కడతారు. మీరు కూడా అదే టైమ్‌కి కడితే పోల్చుకోవడం తేలిక.

ఇప్పుడు గ్రూపు సెట్టింగ్స్. ఇది త్వరగా అయిపోతుంది. ఉన్న గ్రూపు అలాగే ఉంచి, పక్కన ఇంకో గ్రూపు తెరవండి. పేరు "తుపాను కబురు". పర్మిషన్స్‌లోకి వెళ్లి, మెసేజ్‌లు అడ్మిన్లు మాత్రమే పంపేలా మార్చండి. పాత గ్రూపులో అందరూ అడుగుతారు, చెప్తారు, టెన్షన్ పడతారు. పడనివ్వండి. అందులోంచి టైమ్, చోటు, చూసినవాళ్లు ఉన్న మెసేజ్‌లను అడ్మిన్లు కొత్త గ్రూపులో వేస్తారు. అడ్మిన్లు కనీసం ముగ్గురు ఉండాలి, వేరే వేరే వీధుల్లో ఉండాలి. ముగ్గురూ ఒకే బిల్డింగ్ అయితే కరెంటు పోగానే ముగ్గురి ఫోన్లూ ఒకేసారి చచ్చిపోతాయి. ఒకరు తప్పకుండా తమిళం బాగా చదవగలిగినవాళ్లు ఉండాలి.

తరవాత పిన్. పైన ఒకే ఒక్క "ఇప్పటి పరిస్థితి" మెసేజ్ పిన్ చేయండి. ఒక మెసేజ్‌ని 15 నిమిషాల లోపే ఎడిట్ చేయగలం, ఆ తరవాత కుదరదు. కాబట్టి రెండు గంటలకోసారి కొత్తది రాసి పిన్ చేసి, పాతదాన్ని అందరికీ డిలీట్ చేయండి. డిలీట్ చేయడం చాలామందికి మొహమాటం. పాత మెసేజ్ ఉంచడంలో మొహమాటపడాలి. ఎవరి మెసేజ్ అయినా సరే, పాతబడితే అడ్మిన్ తీసేయొచ్చు. ఎవరూ ఏమీ అనుకోరు, ముందే చెప్పి ఉంచితే.

ఇక మూడు మాటలు. వీటి మీదే ప్రతిసారీ గందరగోళం.

"తుపాను ఇక్కడ తీరం దాటదట." మిగ్‌జాం అప్పుడు ఈ మాట ఎంతమంది అన్నారో. నిజమే, అది డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. కానీ చెన్నై మునిగింది 4వ తేదీన. తుపాను మన పక్కన సముద్రంలో మెల్లగా కదులుతూ రోజంతా వాన కురిపించి, ఆ తరవాత మన ఊళ్ల మీదికి వెళ్లింది. తీరం దాటే చోటు వేరు, వాన పడే చోటు వేరు. మా గ్రూపులో బాపట్లవాళ్లు ఇద్దరున్నారు. ఇక్కడ వాళ్లింట్లో నీళ్లు తోడుతూనే, అక్కడ అమ్మానాన్నలకి ఫోన్ చేసి నీళ్లు పట్టి పెట్టుకోండి, ఫోన్లు చార్జి పెట్టుకోండి అని చెప్పారు.

"గాలి ఆగిపోయింది, బయటికి రావొచ్చు." 2016 డిసెంబర్ 12, వర్దా తుపాను. అది చెన్నై మీదుగానే వెళ్లింది. మధ్యాహ్నం గాలి ఒక్కసారిగా తగ్గింది. అది తుపాను కన్ను, అంటే తుపాను నడిమధ్యలో గాలి తక్కువగా ఉండే చోటు. కొంచెంసేపటికి వెనక భాగం వచ్చి, గాలి రెండో వైపు నుంచి కొట్టింది. ఒకవైపు గాలికి సగం కదిలిన చెట్లు రెండోవైపు గాలికి పడిపోతాయి. "గాలి తగ్గింది" అని రాయండి, "ఆగిపోయింది" అని రాయకండి. వాతావరణ శాఖ చెప్పేదాకా ఎవరూ బండి దగ్గరికి, చెట్టు కిందికి వెళ్లొద్దని దాని కిందే రాయండి.

"చెంబరంబాక్కం గేట్లు తెరిచారు." అది ఇక్కడి పెద్ద చెరువు. 2015 వరదల తరవాత ఈ మాట వింటే చెన్నైలో గుండె ఆగినంత పనవుతుంది. ఆ డిసెంబర్ 1 రాత్రి అక్కడి నుంచి వదిలిన నీళ్లు సెకనుకి 29 వేల ఘనపుటడుగులు, అంటే 29 వేల క్యూసెక్కులు. కానీ చెరువు నిండుతున్నప్పుడు ముందుజాగ్రత్తగా వంద, రెండు వందల క్యూసెక్కులు వదిలినా అదే మాట తిరుగుతుంది. ఎన్ని క్యూసెక్కులో లేకుండా ఆ వార్త వేయకండి. ఆ చెరువు పూర్తి మట్టం 24 అడుగులు, ఇప్పుడు ఎన్ని అడుగులుందో కూడా పక్కన వేయండి. ఆ నీళ్లు అడయారు నదిలోకి వెళ్తాయి. జాఫర్‌ఖాన్‌పేట, సైదాపేట, కోట్టూరుపురం, ఈ ఒడ్డునున్నవాళ్లు కదలాలి. మా మడిపాక్కంలో వచ్చే నీళ్లు వేరు, అవి చెరువుల నుంచి పళ్లికరణై చిత్తడి నేల వైపు పోవాల్సిన నీళ్లు. ఏ నీళ్లు ఎటు నుంచి వస్తాయో మీ ఏరియాకి మీరే ముందుగా తెలుసుకుని పెట్టుకోండి.

ఇక సాయం అడిగే మెసేజ్. ఎంతమంది, ఏ అంతస్తు, పాత నంబరు, కొత్త నంబరు, గుర్తు, నడవలేనివాళ్లు ఉన్నారా, మందులు ఏవి, ఫోన్లో చార్జి ఎంత. ఫోన్ నంబరు మాత్రం గ్రూపులో వేయకండి, వెళ్లేవాళ్లకి విడిగా ఇవ్వండి. ఇదే సమాచారం తమిళంలో ముందే ఒక కాగితం మీద రాయించి పెట్టుకోండి. ఖాళీలు నింపితే చాలు. కార్పొరేషన్‌కి 1913. రాష్ట్ర కంట్రోల్ రూమ్ 1070, జిల్లాది 1077. నీళ్లలో ఈబీ బాక్స్, అంటే వీధిలో ఉండే కరెంటు పెట్టె, మునిగి ఉన్నా, తీగ పడి ఉన్నా ఫోటో కోసం కూడా దగ్గరికి వెళ్లొద్దు. కరెంటు వాళ్ల నంబరు 94987 94987. ఈ నంబర్లు ఫోన్లోనే కాదు, గోడ మీద కూడా రాయండి.

ప్రతి సాయం మెసేజ్‌నీ ఈ నోట్‌బుక్‌లో కూడా రాస్తాం. ఇది మిగ్‌జాం అప్పటిది, అంచులు తడిసి ఇలా ఉబ్బిపోయింది. టైమ్, చోటు, ఏం కావాలి, ఎవరు వెళ్లారు, అయిపోయిందా. చివరి గడి ఎందుకంటే, ఒక బిడ్డకి పాలపొడి కావాలన్న మెసేజ్ ఆ మధ్యాహ్నమే తీరిపోయింది. మూడు రోజుల తరవాత కూడా ఆ మెసేజ్ తిరుగుతూనే ఉంది, ఇద్దరు పాలపొడి పట్టుకుని నీళ్లలో నడిచి వచ్చారు. అదే సమయంలో రెండు వీధుల అవతల ఒక పెద్దాయన ఇన్సులిన్ కోసం ఎదురుచూస్తున్నారు. సాయం అందగానే అడిగినవాళ్లే "అందింది" అని టైమ్‌తో రాయాలి. రాయకపోతే అడ్మిన్ ఫోన్ చేసి కనుక్కుని గడిలో టిక్ పెట్టాలి.

నీళ్లు తగ్గాక గ్రూపు వెంటనే మూసేయకండి. ఏ వీధిలో కరెంటు వచ్చింది, ఏ సంపులో మురికినీళ్లు కలిశాయి, మెట్ల కింద పాములు కనబడ్డాయా, ఇవి ఇంకో నాలుగు రోజులు రాస్తూనే ఉండాలి. నోట్‌బుక్‌లో చివరి టిక్ పడ్డాక, పైన పిన్ చేసింది తీసేయండి.

ఇప్పుడు వీడియో ఆపి, మీ గేటు దగ్గరికి వెళ్లి, ఈరోజు తేదీ, టైమ్ వేసి ఒక మెసేజ్ పెట్టండి. "రోడ్డు పొడిగా ఉంది, నేనే చూశాను" అని.