48,000 రూపాయల తోలు బ్రీఫ్‌కేస్: ముందు మూత చూసి కొనకండి

నమస్కారం. ఈ బల్ల మీద ఉన్న ముదురు గోధుమరంగు బ్రీఫ్‌కేస్ ధర 48,000 రూపాయలు. పదహారు రోజులుగా దీన్ని చెన్నైలో వేళచ్చేరి నుంచి గిండీలోని మా ఆఫీసుకు రోజూ తీసుకువెళ్తున్నాను. లోపల లాప్‌టాప్, ఛార్జరు, రెండు ఫైళ్ళు ఉంటాయి. తయారీదారు పేరు ఈ వీడియోలో చెప్పడం లేదు, ఎందుకంటే నేను చూపించబోయే లోపం ఒక్క సంస్థకే పరిమితమైనది కాదు. ఏ పేరున్న సంచి చేతికి వచ్చినా దాని తోలు ఎలాంటిదో మీరే తేల్చుకోగలగాలన్నది నా ఉద్దేశం.

మొదట ముందు మూతను దగ్గరగా చూడండి. రోమకూపాలు ఒకచోట దట్టంగా, మరొకచోట పలుచగా ఉన్నాయి. ఈ ఎడమ మూలలో సన్నని గీత ఒకటి ఉంది. పశువు బతికి ఉన్నప్పుడు ముల్లో కంచె తీగో గీసుకున్న గాయం మానితే ఇలాంటి గీతే మిగులుతుంది. చాలామంది దీన్ని లోపమనుకుని, దుకాణంలోనే మార్చి ఇమ్మని అడుగుతారు. దయచేసి అలా చేయకండి. చర్మంలో నారలు అన్నిటికంటే బిగువుగా అల్లుకుని ఉండేది ఈ పైపొరలోనే. దాన్ని గీకకుండా యథాతథంగా ఉంచిన తోలునే ఫుల్ గ్రెయిన్ అంటారు. మచ్చలు కనిపించకూడదని పైపొరను అరగదీసి, రంగు దట్టంగా పూసి, యంత్రంతో ఒకే రకమైన గింజలాంటి నమూనాను అద్దితే అది కరెక్టెడ్ గ్రెయిన్ అవుతుంది. బొటనవేలితో ఇలా నొక్కి చూడండి. సన్నని ముడతలు వేలి చుట్టూ వ్యాపించి, వేలు తీయగానే సర్దుకుంటున్నాయి. దట్టమైన పూత ఉన్న తోలు ఇలా ముడతపడదు, ప్లాస్టిక్ రేకులా మొండిగా లోపలికి వంగుతుంది. లోపల ముద్రించిన ‘జెన్యూన్ లెదర్’ అన్న మాటను మాత్రం ప్రమాణంగా తీసుకోకండి. అది తోలు అని చెబుతుందే తప్ప, చర్మంలోని ఏ పొర నుంచి వచ్చిందో చెప్పదు.

ఇప్పుడు లోపలి జేబులో, మడిచి కుట్టకుండా వదిలేసిన ఈ అంచును చూద్దాం. కోసినచోట మధ్య భాగం కూడా గోధుమరంగులోనే ఉంది కాబట్టి, ఇది చెట్ల బెరళ్ళతో, కాయలతో ఊనిన, అంటే కుళ్ళకుండా శుద్ధి చేసిన తోలు అయి ఉండే అవకాశం ఎక్కువ. క్రోమియం లవణాలతో శుద్ధి చేసిన తోలుకు లోపలిదాకా రంగు పట్టించకపోతే, మధ్యలో నీలం కలిసిన బూడిద రంగు కనిపిస్తుంది. క్రోమియం తోలు తక్కువరకం అని నేను అనను. అది మెత్తగా ఉంటుంది, నీటిని, వేడిని బాగా తట్టుకుంటుంది. బెరడుతో ఊనినది బిగువుగా నిలిచి, చేతి స్పర్శకు, వెలుతురుకు ఏళ్ళ తరబడి రంగు ముదురుతూ వస్తుంది. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వు మనకు తెలుసు. ఆ చెట్టు బెరడుతోనూ కరక్కాయతోనూ తోలు ఊనే పద్ధతి ఈ తమిళనాడులో చాలాకాలం సాగింది, ఆ సరుకు ‘ఈస్ట్ ఇండియా లెదర్’ పేరుతో విదేశాలకు వెళ్ళేది. 1948లో స్థాపించిన కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ మన అడయారులోనే ఉంది. రాణిపేట, ఆంబూరు, వాణియంబాడి తోలు పట్టణాలు రైల్లో కొన్ని గంటల దూరంలోనే ఉన్నాయి. ఇక్కడ ఉంటూ తోలును ఎలా చూడాలో తెలుసుకోకపోతే నాకు బాధగా ఉంటుంది.

కుట్టు బాగుంది. పిడి దగ్గర దారాన్ని రెండుసార్లు తిప్పి బిగించారు, జిప్పు ఎక్కడా పట్టుకోవడం లేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. సంచిని తిరగేసి, అడుగు భాగాన్నీ పక్కల మడతనూ చూడండి. రంగు మూతతో కలిసిపోయింది, నమూనా కూడా దాదాపు అదే. కానీ ఇక్కడ నొక్కితే ముడత రావడం లేదు, రోమకూపాలు ఎంత వెతికినా కనిపించవు, మడత విప్పి చూస్తే పలుచని పూత కింద పీచుపీచుగా ఉన్న పొర బయటపడుతోంది. ఇది పైపొరను వేరు చేశాక మిగిలిన కింది పొర, అంటే స్ప్లిట్. దాని మీద పాలియురెథేన్ అనే ఒక రకం ప్లాస్టిక్ పూత వేశారు. ఐరోపా ప్రమాణాల ప్రకారం పైపూత 0.15 మిల్లీమీటర్లు దాటితే ఆ సరుకును కేవలం ‘లెదర్’ అని అమ్మకూడదు. ఎక్కువగా వంగేదీ, నేలకు రాసుకునేదీ ఈ భాగాలే. పైగా తేమగా ఉండే గాలిలో పాలియురెథేన్ పూత క్రమంగా విచ్ఛిన్నమై పొరలుగా ఊడుతుంది. నా పాత సంచి మూడో ఏటనే పక్కల పొలుసులు రాల్చింది, మూత మాత్రం నేటికీ చెక్కుచెదరలేదు.

సంరక్షణ గురించి మనవాళ్ళు తరచుగా చేసే పొరపాటు నూనె ఎక్కువ పూయడం. కొబ్బరినూనె అసలే వద్దు. చెన్నైలో తోలు ఎండిపోవడం కంటే బూజు పట్టడమే పెద్ద సమస్య, ముఖ్యంగా ఈశాన్య రుతుపవనాలు వచ్చే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. బెరడుతో ఊనిన తోలులో మిగిలిన కొవ్వు, నూనె ఆ బూజుకు ఆహారమవుతాయి. తోలు క్రీమును ఏడాదికి రెండుసార్లు, ముందుగా అడుగున కనిపించని చోట రాసి చూసి, మెత్తని నూలు గుడ్డతో చాలా పలుచగా రాస్తే చాలు. ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువా పైన పడేయకండి; లోపల తెల్ల కాగితాలు కూరి, నూలు సంచిలో, గాలి ఆడే చోట, ఒకటి రెండు సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. వానలో తడిస్తే గుడ్డతో అద్ది, ఫ్యాను కింద నీడన ఆరనివ్వండి. ఎండలో పెట్టినా, హెయిర్ డ్రయ్యర్ వాడినా, తడి తోలు ముడుచుకుపోయి గట్టిపడుతుంది. తెల్లటి బూజు కనిపిస్తే సంచిని ఆరుబయటకు తీసుకువెళ్ళి, పొడి బ్రష్షుతో తీశాకే గుడ్డతో తుడవండి.

ఈ బ్రీఫ్‌కేస్ మూత, పిడి, కుట్టు నాకు నచ్చాయి. అయినా 48,000 రూపాయలు తీసుకుని అడుగునా పక్కలా పూత వేసిన స్ప్లిట్ పెట్టడాన్ని నేను ఒప్పుకోలేను, ఈ ధరకు దీన్ని కొనమని మీకు చెప్పలేను. చెన్నైలోని తోలు బజారు పెరియమేట్‌లో సంచులు కుట్టే దుకాణాల్లో తోలును ముందు మీరే ఎంచుకుని, అడుగు భాగానికి, పక్కలకు కూడా అదే తోలు వాడాలని రాయించుకుని చేయించుకోవచ్చు. నా తరువాతి సంచికి నేను ఆ పనే చేస్తాను.