428 మిల్లీసెకన్లు

(రాజమండ్రిలో గిటార్ వాయించేవాళ్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీద ఉన్న పెద్దలకు, కింద కూర్చున్న ఇంకా పెద్దలకు, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ కుర్రాళ్లకు నమస్కారం. శాలువాలు, ఫొటోలు తర్వాత చూసుకుందాం. మైకు చేతికిస్తే వదలనని నాకో పేరుంది. అందుకని నిర్వాహకులు 20 నిమిషాలే ఇచ్చారు. నన్ను పరిచయం చేసినాయన అందులో సగం వాడేశాడు.

నాకిచ్చిన అంశం గిటార్ ప్రాసెసర్లో టోన్లు తయారుచేసుకోవడం. చెబుతాను. దానికి ముందు ఒక్కసారి చేతులెత్తండి. మీలో డబ్బిచ్చి టోన్ల ప్యాక్ కొన్నవాళ్లెంతమంది? చాలామందే ఉన్నారు. సరే, దించండి. తయారుచేసి అమ్మినవాళ్లు? ఒక్క చెయ్యీ లేవదేం? అమ్మేవాళ్లే లేకపోతే ఇంతమంది ఎవరి దగ్గర కొన్నారయ్యా! కంగారు పడకండి, నేను అమ్మేవాళ్లను తిట్టడానికి రాలేదు. ఒక్కణ్ని మాత్రం తిడతాను. అదీ పేరు చెప్పకుండా.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. కంప్రెసర్, డిస్టార్షన్, ఆంప్, ఈక్వలైజర్, డిలే, రివర్బ్ ఇవన్నీ ఒకే డబ్బాలో ఉంటే దాన్ని మనం ప్రాసెసర్ అంటున్నాం. ఒక్కోదానికి నాలుగైదు నాబ్‌లు. ఏ నాబ్ ఎక్కడ పెట్టామో గుర్తుపెట్టుకునేది ప్యాచ్, లేదా ప్రీసెట్. మనవాళ్ల నోట్లో టోన్. ఎంత గొప్ప టోనైనా లోపల ఉండేవి కొన్ని అంకెలే. 1990ల చివర్లో జూమ్ 505 అనే ప్రాసెసర్ మన చేతికొచ్చినప్పుడు దానికి కంప్యూటర్ తగిలించే దారి లేదు. ఎవరి టోన్ అయినా నచ్చితే పక్కన చేరి, ఆ బుల్లి డిస్‌ప్లేలో వచ్చే అంకెలన్నీ నోట్‌బుక్‌లో ఎక్కించుకునేవాళ్లం. అడిగితే చెప్పేవాళ్లు చెప్పేవారు. డిస్‌ప్లే మీద కర్చీఫ్ కప్పి వాయించినవాణ్ని కూడా చూశాను నేను. కాబట్టి ఈ ఇవ్వడం, ఇవ్వకపోవడం గొడవ ఇంటర్నెట్‌తో వచ్చిందనుకోకండి.

మా ఆర్కెస్ట్రాలో లీడ్ వాయించే అన్నయ్య ఒకాయన ఉండేవాడు. సొంత అన్న కాదు, అందరికీ అన్నయ్యే. బాస్ కంపెనీ జీటీ-1 ప్రాసెసర్ ఉండేది ఆయన దగ్గర. 2016లో వచ్చింది ఆ మోడల్. చంకలో పెట్టుకుని బస్సెక్కేయొచ్చు, నాలుగు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది. జాతరలో కరెంటు పోతే స్పీకర్లు, లైట్లు, ప్యాడ్స్ అన్నీ చచ్చిపోయేవి. ఆయన ప్రాసెసర్ ఒక్కటే మిణుకుమిణుకుమంటూ ఉండేది. జనరేటర్ అందుకునేలోపు ఆయన కింద కూర్చుని ఏదో ఒక టోన్ సవరించుకునేవాడు. అందులో సొంత టోన్లు దాచుకోవడానికి 99 చోట్లున్నాయి. ఒక్కటీ ఖాళీ ఉంచలేదు.

ఆయన లీడ్ టోన్ ఒకటుంది. మా ప్యాడ్స్ కుర్రాడు జాతర పాటలన్నిటికీ ఒకే లూప్ పెట్టేవాడు, నిమిషానికి 140 బీట్ల మీద. పాట ఏదైనా సరే, అదే 140. డిలే అంటే వాయించిన స్వరం కాస్త ఆగి మళ్లీ వినిపించడం. అది ఆ దరువుకి సరిగ్గా పడాలంటే లెక్క చాలా తేలిక. నిమిషానికి 60,000 మిల్లీసెకన్లు, దాన్ని 140తో భాగించండి. 428.57 వస్తుంది. లెక్కల మాస్టారైతే 429 పెడతాడు. అన్నయ్య 428 పెట్టాడు. ఏంటన్నయ్యా అంటే, "పాయింటు తర్వాతది మనకెందుకురా, వాళ్లకే వదిలెయ్" అన్నాడు. ఎవరికి వదిలెయ్యాలో ఇప్పటికీ నాకు తెలీదు.

ఇంకో గుర్తు చెబుతాను, ఇది ముఖ్యం. ఒకసారి సోలో అందుకునే టైముకి వాల్యూమ్ పెడల్ వెనక్కి పడుంది. వేళ్లు పరిగెడుతున్నాయి, శబ్దం లేదు. జనం ఈలలు. ఆ రాత్రే కూర్చుని, పెడల్ పూర్తిగా వెనక్కి ఉన్నా వాల్యూమ్ సున్నాకి పోకుండా 30 దగ్గర ఆగేలా పెట్టుకున్నాడు. అప్పట్నుంచి ఆయన చేసిన ప్రతి టోన్‌లోనూ ఆ 30 ఉంటుంది.

ప్రోగ్రాం అయ్యాక కుర్రాళ్లు లాప్‌టాప్ పట్టుకుని వచ్చేవారు. డిసెంబరొస్తే చర్చిల్లో వాయించే పిల్లలు మరీను. "అన్నా, ఆ లీడ్ ఇవ్వవా" అంటే ఒక్కటి కాదు, మొత్తం 99 ఎక్కించి పంపేవాడు. టీ డబ్బులు కూడా ఆయనే ఇచ్చేవాడు. 2021లో, కరోనా రెండో విడతలో పోయాడు.

పోయినేడు నా దగ్గర నేర్చుకునే ఒకబ్బాయి పెన్‌డ్రైవ్ తెచ్చాడు. 200 ప్రొఫెషనల్ టోన్లట, 999 రూపాయలట. "సార్, కొన్నాను గానీ చర్చిలో ఏవీ బాగా రావట్లేదు, చూడండి" అన్నాడు. ఒక్కోటీ నొక్కుతూ పోతున్నాం. ఒకచోట నా కాలు ఆగిపోయింది. డిలే తెరిచి చూశాను, 428. పెడల్ తెరిచాను, 30. పేరు మాత్రం మార్చేశాడు, 'ప్రో లీడ్' అని ఏదో. ఇంకా వెతికితే అలాంటివి బోలెడు. వాటితో పాటు ఒక కాగితం. ఈ టోన్లు కాపీ చేసినా, ఇంకొకరికి ఇచ్చినా చట్టపరమైన చర్య తీసుకోబడును అని. పెద్ద అక్షరాలతో.

ఆ కాగితం చదివి ఎంత నవ్వొచ్చిందో, అంత కోపమొచ్చింది. నంబరు పట్టుకుని ఫోన్ చేశాను. అతను ఏమాత్రం తొణకలేదు. "సార్, ఆయన అందరికీ ఫ్రీగానే ఇచ్చాడు కదా, నాకూ ఇచ్చాడు. నేను సర్ది, పేర్లు పెట్టి, అమ్ముకున్నాను. మీకేంటి బాధ?" అన్నాడు.

వెనక కుర్రాళ్లు తలలూపుతున్నారు. అతనిది న్యాయమే అనిపిస్తోందా? సగం న్యాయమే. సర్దినందుకు డబ్బు తీసుకో, నాకేం అభ్యంతరం లేదు. అందరి కోసం తీసిన తలుపుకి నువ్వు తాళం ఎలా వేస్తావు? పైగా తలుపు మీదున్న పేరు చెరిపేసి! నా కోపమంతా ఆ కాగితం మీదే. 999 మీద కాదు.

చట్టం ఏమంటుందని ఎవరో అడుగుతున్నారు. మనది 1957 నాటి కాపీరైట్ చట్టం. కేవలం కష్టపడ్డానంటే చాలదు, కొంతైనా సృజన ఉండాలని సుప్రీంకోర్టు ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో చెప్పింది. నాబ్‌ల అంకెలకు ఆ సృజన ఉందా లేదా అని లాయర్లు రోజంతా వాదించుకోగలరు. మరి అంత గట్టిగా హెచ్చరిక రాసినవాడు అవి తన సృజన అని ఏ కోర్టులో నిరూపిస్తాడట? అదే చట్టంలో 57వ సెక్షన్ ఉంది. రచయిత హక్కులన్నీ అమ్మేసుకున్నా, ఇది నాదని చెప్పుకునే హక్కు మాత్రం అతని దగ్గరే ఉంటుంది. మన అంకెలకు అది వర్తించినా వర్తించకపోయినా, మన మధ్య ఆ మర్యాద ఉండటానికి కోర్టు అవసరం లేదు.

సరే, బాస్ అన్నాను కాబట్టి ఇదొకటి. బాస్ అనేది రోలాండ్ వాళ్లదే. ఆ రోలాండ్ పెట్టిన ఇకుతారో కకెహాషి, అమెరికాలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ నడిపిన డేవ్ స్మిత్, ఇద్దరూ వ్యాపారంలో పోటీదారులు. ఏ కంపెనీ కీబోర్డు ఏ కంపెనీ కీబోర్డుతోనైనా మాట్లాడేలా ఒక పద్ధతి ఉండాలని పూనుకున్నారు. 1983లో ప్రదర్శనలో ఇద్దరి వాద్యాలకూ కేబుల్ తగిలించి చూపించారు. అదే మిడి. దానికి రాయల్టీ పెట్టలేదు, ఎవరైనా వాడుకోండన్నారు. 2013లో ఇద్దరికీ టెక్నికల్ గ్రామీ వచ్చింది. మిడి ఊరికే ఇచ్చారని రోలాండ్ దివాలా తీసిందా? కీబోర్డులు అమ్ముకుంది, ప్రాసెసర్లు అమ్ముకుంది, మనమే కొన్నాం. ప్రాసెసర్లు చేసే ఇంకో కంపెనీ, లైన్ 6 వాళ్లకూ అంతే. టోన్లు ఊరికే పంచుకోవడానికి కస్టమ్‌టోన్ ఉంది, అమ్ముకునేవాళ్లకు మార్కెట్‌ప్లేస్ ఉంది. ఒకే గొడుగు కింద రెండూ ఉన్నాయి, కొట్టుకోవట్లేదు. స్టీవెన్ ఆట్కిన్సన్ అనే ఆయన అసలు ఆంప్ శబ్దాన్ని కంప్యూటర్లో అనుకరించే న్యూరల్ ఆంప్ మోడలర్ అనే సాఫ్ట్‌వేర్ రాసి, కోడ్ సహా ఊరికే వదిలేశాడు. లక్షలు పోసి కొనాల్సిన ఆంప్‌ల శబ్దాలు ఇవాళ మన పిల్లల లాప్‌టాప్‌లో ఉన్నాయంటే అది అలాంటి వాళ్ల చలవే.

నిర్వాహకులు గడియారం చూస్తున్నారు. అంశానికొస్తున్నానండీ.

ఆ అబ్బాయికి చర్చిలో టోన్లు ఎందుకు బాగా రాలేదు? మా అన్నయ్యవి కూడా రాలేదు, అది గమనించండి. ఆయన గిటార్‌లో తీగల కదలికను పట్టే పికప్ హంబకర్ రకం, ఈ అబ్బాయిది సింగిల్ కాయిల్ రకం. సిగ్నల్ తక్కువ, గుయ్యిమనే హమ్ ఎక్కువ. పైగా ఆ చర్చిలో ఎర్తింగ్ సరిగా లేదు. చిన్న శబ్దాలను ఆపేసే నాయిస్ గేట్ ఆయన పెట్టిన చోట ఉంటే హమ్ ఆగదు, పెంచితే స్వరం చివర తెగిపోతుంది. ఇంకొకరి కొలతలకు కుట్టిన చొక్కా అది. ఇక ప్యాక్‌లో మిగతావన్నీ హెడ్‌ఫోన్స్‌లో చేసినవి. చిన్న శబ్దంలో మన చెవికి బేస్, ట్రెబుల్ తక్కువగా వినిపిస్తాయి. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే కొలిచి చెప్పారు. అందుకే గదిలో చేసేవాడు రెండూ పెంచేస్తాడు. అదే టోన్ పెద్ద స్పీకర్లలో పడితే కింద గుబగుబ, పైన గరగర. సౌండ్ ఆయన మిక్సర్ దగ్గర నెత్తి కొట్టుకుంటాడు, అటుపైన మిమ్మల్ని మానిటర్‌లోంచి తీసేస్తాడు. కాబట్టి టోన్ ఎప్పుడూ స్టేజీ శబ్దంలో చెయ్యండి, లేదా కనీసం అక్కడ సరిచూసుకోండి. ఈక్వలైజర్‌లో 100 హెర్ట్జ్ కంటే కింది శబ్దాలు కొయ్యండి, అది బేస్ గిటార్ వాడి స్థలం. డిస్టార్షన్ మీరు కోరుకున్నదానికంటే తగ్గించండి. డిలే మీ పాటకు లెక్కేసి పెట్టుకోండి. ఈ సవరించే పనికి టైము పడుతుంది, చెవి కావాలి. దానికి డబ్బు అడగండి, నేను అడుగుతున్నాను.

అంశం అయిపోయింది. ఇంకో రెండు నిమిషాలివ్వండి.

అన్నయ్య వాళ్లింటికి వెళ్లాను. పెన్‌డ్రైవ్ సంగతి చెప్పి, ఆయన టోన్లన్నీ ఆయన పేరుతో ఊరికే పంచుదామనుకుంటున్నానన్నాను. ఎంత గొప్పగా చెప్పానో మీరు చూడాల్సింది. వాళ్లమ్మాయి డిగ్రీ చదువుతోంది. అంతా విని, "బాబాయ్, నాన్న ఊరికే ఇచ్చినన్నాళ్లు అమ్మ ఇంటద్దెకి అప్పు చేసింది. మీరందరూ మంచోడు మంచోడు అన్నారు. అమ్మండి" అంది.

చప్పట్లు కొట్టకండి. కొట్టాల్సిన విషయం కాదు.

నేనేదో చెప్పబోయాను, వదిన టీ తెచ్చింది, ఊరుకున్నాను. తర్వాత అమ్మాయీ నేనూ కూర్చుని ఒక ఒప్పందానికొచ్చాం. 99 టోన్లు, 200 రూపాయలు. ప్రతి టోన్ పేరులో ఆయన పొట్టి పేరు ఉంటుంది. ఏ గిటార్‌తో చేశాడో, ఎంత టెంపోకి చేశాడో నాకు తెలిసినంతవరకు ఒక కాగితం మీద రాసిచ్చాను. కొన్నాక మీరు ఎవరికైనా కాపీ చేసి ఇచ్చుకోవచ్చు, సవరించి మళ్లీ ఇచ్చుకోవచ్చు. ఆ మాట కూడా ఆ కాగితం మీదే ఉంది, అదీ పెద్ద అక్షరాలతోనే. అలా అయితే మొదటివాడు కొంటాడు, మిగతావాళ్లు కాపీ చేసుకుంటారు, ఇంక డబ్బులేం వస్తాయని మా ఆవిడ అడిగింది. అమ్మాయీ అదే అడిగింది. వస్తే వస్తాయి, చూద్దామన్నాను. మీరే చూపించాలి.

ఆ అమ్మాయి వెనక తలుపు పక్కన బల్ల దగ్గర లాప్‌టాప్‌తో కూర్చుంది. డబ్బు నేరుగా తన ఫోన్‌కే. విద్యార్థులెవరి దగ్గరైనా లేకపోతే లేదని చెప్పి ఎక్కించుకోండి, మొహమాటపడొద్దు. ఉద్యోగాలున్నవాళ్లు మాత్రం బేరమాడితే నేను ఊరుకోను. జీటీ-1కి కావాల్సింది ప్రింటర్ కేబుల్. ఒక్కటే ఉంది అక్కడ, తెచ్చుకున్నవాళ్లు ముందు వెళ్లండి.