కాలిన ఊళ్ళో నీళ్ళ పంపు

శ్రోతలకు నమస్కారం. ఇవాళ ఒక మేస్త్రీ గురించి చెప్తాను. ఆర్కిటెక్ట్ అని కూడా అనొచ్చు గానీ నాకు మేస్త్రీ అనడమే ఇష్టం, ఎందుకంటే ఆయన బొమ్మ గీసిచ్చి చేతులు దులుపుకునే రకం కాదు, ప్లాన్ గీసేదీ తనే, దగ్గరుండి కట్టించేదీ తనే. పేరు జాన్ బాస్టర్డ్. నవ్వకండి, అది నిజంగా ఇంటిపేరే! ఇంగ్లండ్‌లో డోర్సెట్ ప్రాంతంలో బ్లాండ్‌ఫర్డ్ అనే చిన్న ఊరు. తండ్రిదీ ఇదే పని, తమ్ముడు విలియందీ ఇదే పని.

1731 జూన్ 4న ఆ ఊరు తగలబడింది. కొవ్వుతో కొవ్వొత్తులు చేసే ఒక ఇంట్లో అంటుకుంది. పొద్దు గడిచేసరికి ఊళ్ళో చాలా భాగం బూడిద, అన్నదమ్ముల ఇల్లు కూడా బూడిదే. తన ఇల్లే కాలిపోయిన మనిషి ఇక ఊరంతా కట్టాలి.

కట్టారు. టౌన్‌హాలు, చర్చి, బజారు వీధిలో తమ సొంత ఇల్లు, అన్నీ. చర్చికి సూది శిఖరం పెడదామనుకుంటే డబ్బు చాలక చెక్క గోపురంతో సరిపెట్టారు. ఇల్లు కట్టి చూసినవాళ్ళకి ఆ బాధ వేరే చెప్పక్కర్లేదు.

నాకు నచ్చింది మాత్రం ఇవేవీ కాదు. 1760. ఊరు కాలి 29 ఏళ్ళు, జాన్‌కి డెబ్బై దాటాయి. అప్పుడు చర్చి పక్కన ఒక రాతి మండపం కట్టించాడు. స్తంభాలు, పైన త్రికోణం, చూడ్డానికి చిన్న గుడి. లోపల దేవుడు లేడు, విగ్రహం లేదు, తన బొమ్మా లేదు. నీళ్ళ పంపు ఉంది! మళ్ళీ నిప్పంటుకుంటే వేళకి నీళ్ళు అందాలని. రాతి మీద అదే చెక్కించి, కింద తన పేరు వేసుకున్నాడు. ఊరు కట్టినవాడని కాదు, ఆ నష్టంలో పెద్ద వాటా తనకీ ఉందని. ఎంత పెద్దమనిషి!

ఇది రాస్తూ రాస్తూ లేచి మా అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గరున్న ఎర్రపెట్టె తీసి చూశాను. అందులో చీపురు, పాత చెప్పులు. గొట్టం ఏదని వాచ్‌మన్‌ని అడిగితే, "ఎవరైనా ఎత్తుకుపోతారని గదిలో పెట్టి తాళం వేశామండీ" అన్నాడు. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఇంకా తేలలేదు. మీ మెట్ల దగ్గర పెట్టె కూడా ఓసారి తీసి చూడండి, ఈ రాత్రికే.